2024-25 వార్షిక నివేదిక: మన ఆన్‌లైన్ క్లాసుల సర్వర్ సంగతి

సభ్యులందరికీ నమస్కారమండి. నోటుబుక్కుల పంపిణీ, మెడికల్ క్యాంపు, చలివేంద్రం ఎప్పట్లాగే జరిగాయి, లెక్కలు కోశాధికారి గారి దగ్గరున్నాయి చూస్కోండి. ఈసారి ఎక్కువ రాయాల్సింది సర్వర్ గురించే, డబ్బులూ దానికే అయ్యాయి, తిట్లూ దానికే పడ్డాయి.

2024 సెప్టెంబర్ 1 ఆదివారం విజయవాడలో బుడమేరు వాగు వరద సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు ఆఫీసు కింది గదిలో ఉన్న మన ఒక్కగానొక్క సర్వర్ కూడా మునిగింది, టెన్త్ పిల్లలకి మూడిల్ అనే ఆన్‌లైన్ క్లాసుల సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన పాఠాలు, టెస్టు మార్కులు అన్నీ అందులోనే. నీళ్లు పోయాక సీపీయూ మూత తీస్తే లోపల వేలెడు బురద. ఎవరో వేసవిలో పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్న కాపీ ఉండబట్టి బతికిపోయాం.

ఇప్పుడు మేడ మీద గదిలో రెండు సర్వర్లు పెట్టాం, రెండిట్లోనూ మూడిల్, దాని డేటా దాచే మరియాడీబీ, ఆ డేటాని రెండిట్లోనూ ఒకేలా ఉంచే గెలీరా ఉన్నాయి, ఒకదాంట్లో మార్కు ఎక్కితే రెండోదాంట్లోనూ ఎక్కుతుంది. కీప్‌అలైవ్‌డీ అని ఒకటుంది, మొదటి మెషీన్ నుంచి సెకనుకోసారి "ఉన్నా, ఉన్నా" అంటుంటుంది, మూడుసార్లు వినపడకపోతే రెండోది అదే ఐపీ అడ్రస్ (ఫోన్లు సర్వర్‌ని కనిపెట్టే నంబరు) తను తీసేసుకుంటుంది, పిల్లలు ఫోన్లో ఏమీ మార్చక్కర్లేదు.

ఈ రెండూ కాక ఇంకో కంప్యూటర్ కూడా పెట్టాం, మరి ఈ మూడో డబ్బా ఎందుకని మీటింగులో చాలామంది అడిగారు. మధ్యలో కేబుల్ ఊడిందనుకోండి, రెండూ బాగానే ఉంటాయి గానీ అవతలిది పోయిందని దేనికది అనుకుంటుంది, చెరో ఓటే, మెజారిటీ ఎవరికీ లేదు కాబట్టి గెలీరా రెండిట్నీ ఆపేస్తుంది, ఆపకపోతే ఒకే పిల్లాడికి రెండు రకాల మార్కులు పడతాయి. అందుకని పాత ఆఫీసు పీసీలో ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి ప్రోగ్రాం) వేశాం, అది డేటా ఏమీ దాచదు, ఓటు మాత్రం వేస్తుంది, దాంతో ఒకవైపుకి మెజారిటీ వస్తుంది. కమిటీలో కూడా అలాంటోళ్లున్నారని ఒకాయన అన్నాడు, నేను కాదు.

టెస్టింగు రోజు కోశాధికారి గారే మొదటి సర్వర్ వైరు పీకారు. సైటు ఆగలేదు గానీ క్విజ్ రాస్తున్న పిల్లలందరూ లాగౌట్ అయిపోయారు, స్పీడుగా ఉంటుందని లాగిన్ సెషన్లు (ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారనే లెక్క) ఏ సర్వర్‌వి ఆ సర్వర్ డిస్కులోనే పెట్టింది మేమే, తప్పు మాదే. వాటిని రెండు సర్వర్లకీ కనపడే నాస్‌లోకి (నెట్‌వర్క్‌లో పెట్టిన డిస్కుల పెట్టె) మార్చి మళ్లీ పీకితే ఈసారి ఒక్క పిల్లా తలెత్తలేదు.

ఇన్ని ఉన్నాయి కదా ఇంక బ్యాకప్ దేనికి అనుకోకండి. జనవరిలో ఒక వాలంటీర్ పొరపాటున సోషల్ కోర్సు డిలీట్ చేస్తే రెండు సర్వర్లలోనూ శుభ్రంగా పోయింది, పటమటలో మన సభ్యుడింట్లో రోజూ పడే కాపీ నుంచి తెచ్చుకున్నాం.

ఒకటి మిగిలిపోయింది. అప్‌లోడ్ చేసిన ఫైళ్లు, సెషన్లు ఇంకా ఆ ఒక్క నాస్ మీదే ఉన్నాయి, అది పోతే రెండు సర్వర్లూ ఉండి కూడా క్లాసులు నడవవు. ఇంకో నాస్ కోసం ఈ ఆదివారం తీర్మానం పెడుతున్నాం, కాస్త అందరూ రండి.