లీగ్ ఒకటి కాదు, రెండు

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం పిల్లల పేజీ క్విజ్‌లో 'పాలస్తీనాలో అగ్రశ్రేణి ఫుట్‌బాల్ లీగ్ ఏది?' అని అడిగి, జవాబు 'వెస్ట్ బ్యాంక్ ప్రీమియర్ లీగ్' అని వేశారు. మా మనవడు 'గాజా ప్రీమియర్ లీగ్' అని రాసుకున్నాడు. మీ జవాబు చూసి ముఖం మాడ్చుకున్నాడు. వాడిది సగం ఒప్పు, మీదీ సగమే ఒప్పు.

అక్కడ పై లీగులు రెండు. వెస్ట్ బ్యాంక్‌లో ఒకటి, గాజాలో ఒకటి. మధ్యలో ఇజ్రాయెల్ ఉంది. వాళ్ళ పర్మిట్ లేనిదే ఇటు జట్టు అటు పోలేదు. గాజాకీ వెస్ట్ బ్యాంక్‌లోని హెబ్రాన్ ఊరికీ మధ్య తిన్నగా కొలిస్తే సుమారు 60 కిలోమీటర్లు, మా కందుకూరు నుంచి నెల్లూరంత దూరం కూడా లేదు.

నేను రిటైరైన పీఈటీని. మా ఊరు 1970 దాకా నెల్లూరు జిల్లా, ఆ పైన ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరులో కలిపారు. బోర్డులు మారాయే గానీ పిల్లల్ని ఒంగోలు టోర్నమెంటుకి తీసుకెళ్తుంటే నన్నెవరూ కాగితం అడగలేదు. అడిగింది బస్సు కండక్టరొక్కడే, అదీ బంతుల సంచికి లగేజీ టికెట్టు కోసం.

అక్కడ రెండు వైపుల కప్పు విజేతలూ తలపడాలంటేనే గగనం. 2015లో గాజా జట్టు షుజాయియా, హెబ్రాన్ జట్టు అహ్లీ అలా ఆడడం పదిహేనేళ్ళలో మొదటిసారి. గాజాలో డ్రా అయింది, హెబ్రాన్‌లో అహ్లీ 2-1తో గెలిచింది. 2019లో గాజాలోని రఫా జట్టు వెస్ట్ బ్యాంక్‌లోని నబ్లుస్ వెళ్ళి బలాటా జట్టుతో రెండో మ్యాచ్ ఆడాలి. ఎక్కువమందికి పర్మిట్లు రాలేదు, మ్యాచ్ వాయిదా పడింది. ఆటగాడు ఫిట్‌గా ఉంటే చాలదన్నమాట, సంతకం కూడా పడాలి.

సులేమాన్ ఒబైద్ రెండు వైపులా ఆడినవాడు, గాజాలో ఖదమాత్ అల్ షాతీకి, వెస్ట్ బ్యాంక్‌లో అల్ అమరీకి. 'పాలస్తీనా పెలే' అనేవాళ్ళు. 2025 ఆగస్టులో దక్షిణ గాజాలో సాయం కోసం ఎదురుచూస్తుండగా జరిగిన దాడిలో చనిపోయాడని వాళ్ళ ఫుట్‌బాల్ సంఘం చెప్పింది. అంతకు ముందే, 2023 అక్టోబరులో యుద్ధం మొదలయ్యాక, లీగులు ఆగిపోయాయి. అయినా 2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో పాలస్తీనా 3-0తో హాంకాంగ్‌ని ఓడించి నాకౌట్‌కి చేరింది. అదే టోర్నీలో మన జట్టు మూడు మ్యాచ్‌లూ ఓడింది, ఒక్క గోల్ కూడా కొట్టలేదు. లీగు ఉన్నవాళ్ళం మనం! ఆ రాత్రుళ్ళు ఫోన్‌లో మ్యాచ్‌లు చూసే మావాడికి గాజా పేరు తెలిసింది.

కాబట్టి వచ్చే ఆదివారం రెండు పేర్లూ వేసి సవరణ ఇవ్వండి. పదికి తొమ్మిదే వచ్చాయని వాడింకా అలిగే ఉన్నాడు. తొమ్మిదిన్నర చేస్తే అన్నానికొస్తాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు,
కందుకూరు