లంకల్లో కాపరి అడుగులు

సంపాదకులకు నమస్కారం. గోదావరి వరదల వేళ మా లంక గ్రామాల్లో పాస్టర్లు చేసే సేవ గురించి ఈ ఉత్తరం.

1836లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ నరసాపురంలో మిషన్ మొదలుపెట్టిన నాటి నుంచి డెల్టాలో సువార్త వెంట బడి, ఆసుపత్రి కూడా నడిచాయి. మా అమ్మమ్మ చేతిలోని లేసు అల్లిక కూడా దొరసానుల నుంచి వచ్చిన విద్యే.

మొన్నటి వరదలో మంచం పట్టిన ఒక ముసలమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, మోకాటి లోతు నీళ్లలో పడవ దాకా మోసినవారిలో మా పాస్టరుగారు ముందున్నారు. ఆమె మా సంఘస్థురాలు కాదు. ఏ ఇంట్లో నెలలు నిండిన కోడలుందో, అప్పుల బాధతో ఎవరికి నిద్ర పట్టడం లేదో ఆయనకు తెలుసు. ఇవి ఏ ప్రభుత్వ జాబితాలోనూ ఉండవు.

ఆరాధనతోనే సరిపెట్టుకునే సంఘాలూ ఉన్నాయి, అది నాకు బాధ. అయినా ఇంటింటి సంగతి తెలిసినవారు కాబట్టి, గోదావరి పొంగకముందే జరిగే వరద సన్నాహక సమావేశాలకు అధికారులు పాస్టర్లను కూడా పిలవాలి.

– ఒక పాఠకురాలు, కోనసీమ