బాలల వేసవి కళా శిబిరం, అనంతపురం: ఈ ఏటి జమా ఖర్చుల వివరణ

దాతలకు, పిల్లల తల్లిదండ్రులకు, శిబిరం మంచి కోరే అందరికీ కమిటీ తరఫున నమస్కారాలు. మీరు నమ్మి ఇచ్చిన డబ్బు ఎక్కడికి పోయిందో చెప్పడం మా బాధ్యత.

ముందు జమ. పోయినేటి నిల్వ రూ.11,240. విరాళాలు రూ.1,32,500. శిబిరానికి వచ్చిన 62 మంది పిల్లల్లో 46 మంది తలా రూ.500 ఫీజు కట్టారు, అది రూ.23,000. మిగిలిన 16 మంది కూలి పనులకు పోయేవాళ్ల పిల్లలు, వాళ్లను ఫీజు అడగలేదు. చివరిరోజు పిల్లలు చేసిన బొమ్మలు అమ్మితే రూ.18,600 వచ్చింది. మొత్తం జమ రూ.1,85,340.

ఖర్చులో పెద్ద పద్దు కళాకారుల గౌరవ వేతనం, రానుపోను చార్జీలు, బస: రూ.64,000. ఇది ఎక్కువ కాదా అని లెక్కలు చూసేటప్పుడు ఒకరిద్దరు సభ్యులు అడిగారు. కాదనే కమిటీ అభిప్రాయం. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట నుంచి వచ్చి పిల్లలకు తోలుబొమ్మలు చేయడం నేర్పిన ఈ కళాకారులది తరతరాల విద్య. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతపు ప్రత్యేకమైన పని అని ఇచ్చే జీఐ ట్యాగ్) వచ్చింది. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఇంత పేరున్న పనిని కూడా రోజుకూలి లెక్కన బేరమాడేవాళ్లు ఇంకా ఉన్నారు. షామియానాకు బేరమాడదాం, మైకుకు బేరమాడదాం, నేర్పేవాళ్ల దగ్గర మాత్రం వద్దు. శిబిరం ఒక ఇంటి వరండాలో డ్రాయింగ్ షీట్లతో మొదలైనప్పటి నుంచీ ఇదే పద్ధతి. కోవిడ్ వల్ల 2020, 2021 వేసవుల్లో శిబిరం జరగలేదు. 2022లో ధర్మవరం శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది. జిల్లా వేరైనా ఈ కళాకారుల రాక ఆగలేదు.

మేకతోళ్లకు రూ.21,800 అయింది. అట్టముక్కల మీద నేర్పిస్తే సరిపోదా అని అడిగినవాళ్లు ఒక్కపూట వచ్చి చూసుంటే బాగుండేది. తోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, లాగి కట్టి ఆరబెడితే వెలుతురు పారేంత పలచగా వస్తుంది. దాని మీద బొమ్మ గీసి, ఉలితో నగల చోట సన్నని చిల్లులు కొట్టి, రెండువైపులా రంగు వేయాలి. ఆరో తరగతి పాప ఒకామె హనుమంతుడి తోక ఒక్కదానికే పూటంతా కూర్చుంది. చిల్లు కాస్త పక్కకు పోతే తోలు చిరుగుతుంది, రబ్బరుతో చెరిపే వీలుండదు. సాయంత్రం ఆ బొమ్మను తెర వెనక దీపానికి పట్టినప్పుడు చిల్లుల్లోంచి వెలుగు వచ్చింది. అట్టముక్కతో అది రాదు. రావణుడి లాంటి పెద్ద బొమ్మకు ఒక తోలు చాలదు కాబట్టి ఆ పద్దు కొంత పెరిగింది.

రంగులు, కుంచెలు, కాగితాలు, ఉలులకు రూ.19,450. టిఫిన్, మజ్జిగ, మంచినీళ్లకు రూ.27,360. మన ఎండలు తెలిసినవే, మజ్జిగ దగ్గర పొదుపు చేయలేదు. లేపాక్షికి బస్సు, భోజనాలు కలిపి రూ.16,700. వీరభద్రాలయం కప్పు మీది విజయనగర కాలపు చిత్రాలను పిల్లలు మెడలు నొప్పి పుట్టేదాకా చూశారు. లతామండపం స్తంభాల నగిషీలను నోటుబుక్కుల్లో గీసుకున్నారు. షామియానా, ఫ్యాన్లు, లైట్లు రూ.13,900. బ్యానరు, ఫొటోలు, రసీదు పుస్తకాలు రూ.4,180.

మొత్తం ఖర్చు రూ.1,67,390. నిల్వ రూ.17,950.

ఈ నిల్వ గురించి సమావేశంలో చాలాసేపు చర్చ జరిగింది. ఏడాది పొడవునా నడిచే కళల బడి పెట్టేద్దామని కొందరి ఉత్సాహం. ఆ కోరిక మా అందరిదీ. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఇంటర్‌లోకెన్‌లో జోసెఫ్ మ్యాడీ 1928లో పిల్లల ఆర్కెస్ట్రా కోసం వేసవి శిబిరం మొదలుపెట్టారు. అక్కడ ఏడాదంతా నడిచే బడి వచ్చింది 1962లో. అన్నేళ్లు మనం ఆగనక్కర్లేదు గానీ, చేతిలో ఇంత డబ్బుతో బిల్డింగ్ అద్దెకు తీసుకుంటే వచ్చే వేసవి శిబిరమే ఉండదు. అందుకని ముందు ఆదివారం తరగతి పెడుతున్నాం. నిల్వలో రూ.10,000 దాని సామాన్లకు, మిగతా రూ.7,950 వచ్చే ఏటి శిబిరానికి. తరగతికి ఫీజు లేదు.

రసీదులు, బిల్లులు, బ్యాంకు పాసుబుక్కు కోశాధికారి దగ్గర ఉన్నాయి. ఆదివారం ఉదయం ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. విరాళం ఇచ్చి రసీదు అందనివాళ్లు దయచేసి వెంటనే చెప్పండి.

ఇట్లు,
శిబిరం నిర్వహణ కమిటీ