మనోడు

బెల్‌ఫాస్ట్
జూలై, ఆదివారం

చిన్నీ,

కోయంబత్తూరులో బైక్ రేసింగ్ నేర్చుకుంటాను, ఫీజు పంపండి అన్నావు. నాలుగు రోజులైనా నేను జవాబివ్వలేదు. ఫోన్లో అయితే నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

నిన్న రైలెక్కి బాలీమనీ వెళ్లాను. బైక్ రేసర్ జోయ్ డన్‌లప్ ఊరు. ఒకసారి ఈ పేరు చెప్తే "టైర్లాయనా?" అని నవ్వావు. గాలి టైరు చేసిన డన్‌లప్ కూడా బెల్‌ఫాస్ట్‌లోనే ఉండేవాడు గానీ, ఆయన వేరు. ఈయన చిన్న బార్ నడుపుకుంటూ, పసుపు హెల్మెట్ పెట్టుకుని రేసులకెళ్లిన మనిషి. ఐల్ ఆఫ్ మ్యాన్ అనే దీవిలో ఏటా జరిగే టీటీ బైక్ రేసుల్లో 26 సార్లు గెలిచాడు. అది ట్రాక్ కాదమ్మా. జనం రోజూ తిరిగే రోడ్లే మూసేసి పెట్టే రేసు. ఒక చుట్టు అరవై కిలోమీటర్లు. పక్కనే రాతిగోడలు, కరెంటు స్తంభాలు, ఇళ్ల గుమ్మాలు.

2000 జూన్‌లో, 48 ఏళ్ల వయసులో, ఒక్క వారంలో అక్కడ మూడు రేసులు గెలిచాడు. నెల తిరక్కుండానే, జూలై 2న, ఎస్టోనియాలోని తాలిన్‌లో వాన పడుతుంటే 125 సీసీ రేసులో చెట్లకు గుద్దుకుని పోయాడు. అదే రోజు అప్పటికే రెండు రేసులు గెలిచి ఉన్నాడు. ఇక చాల్లే అనుకోలేదు. నాకు మింగుడుపడనిది అదే.

ఆయన పేరు మీద అక్కడొక తోట ఉంది, కంచు విగ్రహం ఉంది. నేను వెళ్లేసరికి ఒక ముసలాయన బెంచీ మీద హెల్మెట్ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. మాటలు కలిశాయి. గెలుపుల సంగతి చెప్తాడనుకున్నాను. ఆయన వ్యాన్ సంగతి ఎత్తుకున్నాడు. రేసులు లేనప్పుడు జోయ్ తన వ్యాన్ నిండా తిండి, బట్టలు వేసుకుని, తనే నడుపుకుంటూ రుమేనియా, బోస్నియా, అల్బేనియా అనాథాశ్రమాలకు వెళ్లేవాడట. 1996లో బ్రిటన్ ప్రభుత్వం బిరుదు ఇచ్చింది కూడా ఆ పనికే. అంత్యక్రియలకు ఆ చిన్న ఊరికి యాభై వేలమంది వచ్చారు. కేథలిక్, ప్రొటెస్టంట్ అని కొట్టుకు చచ్చిన నేల ఈ ఉత్తర ఐర్లాండ్. ఆ రోజు మాత్రం ఎవరూ ఎవర్నీ ఏ చర్చి అని అడగలేదన్నాడు ముసలాయన. వీళ్లు జోయ్‌ని "యర్ మాన్" అంటారు. మన భాషలో చెప్పాలంటే "మనోడు". పేరు చెప్పక్కర్లేదు, మనోడు అంటే చాలు.

పక్కనే ఆయన తమ్ముడు రాబర్ట్‌కీ గుర్తుగా తోట ఉంది. రాబర్ట్ 2008లో ఇక్కడి రోడ్డు రేసు ప్రాక్టీసులో పోయాడు. రెండు రోజులు తిరక్కుండానే, అవే రోడ్ల మీద, కొడుకు మైఖేల్ రేసు గెలిచాడు. ఇంకో కొడుకు విలియం 2018లో పోయాడు, అదీ ప్రాక్టీసులోనే. మైఖేల్ ఇంకా మానలేదు. 2024లో పెదనాన్న 26 గెలుపుల రికార్డు దాటాడు. ఆ రోజు నేను ఇంట్లో ఈలేశాను. తర్వాత వాళ్ల నానమ్మ గుర్తొచ్చింది. ఇద్దరు కొడుకుల్ని, ఒక మనవణ్ణి పోగొట్టుకున్న ఇల్లు చిన్నీ అది. పరాయి బిడ్డ అయితే ఈలేస్తాను, నా బిడ్డ అయితే ఫీజు ఆపుతాను. నీ మెసేజ్‌కి నాలుగు రోజులు జవాబు రాయలేకపోయింది ఇందుకే.

ట్రాక్ వేరు, రోడ్డు వేరు. ట్రాక్‌లో పడితే జారిపోవడానికి చోటుంటుంది, అంబులెన్సు నిమిషంలో వస్తుంది. కాబట్టి కోయంబత్తూరుకి సరే. మన రింగ్ రోడ్డు మీద రాత్రిపూట ఫ్రెండ్స్‌తో పందేలంటే మాత్రం ఒప్పుకోను. మొన్న నువ్వు పెట్టిన వీడియో చూశాను.

ఫీజు సోమవారం పంపుతాను. అమ్మకి నువ్వే చెప్పు, నా వల్ల కాదు. హెల్మెట్ ఇక్కడే కొంటాను, తల చుట్టుకొలత టేపుతో కొలిచి రాయి. రంగు నీ ఇష్టం. పసుపు మాత్రం వద్దు.

నాన్న