ఆ పాటలో ఎవరిని పొమ్మంటున్నారో కూడా రాయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

2025 ఫిబ్రవరిలో జర్మనీ ఎన్నికల్లో ఏఎఫ్‌డీ (జర్మనీకి ప్రత్యామ్నాయం) పార్టీ 20.8 శాతం ఓట్లతో రెండో స్థానానికి వచ్చింది. మీ పత్రికలో వచ్చిన ఆ వార్తల్లో సీట్లు, శాతాలు, పొత్తులు అన్నీ చదివాను. ఆ పార్టీ గురించి మాత్రం ‘వలసల వ్యతిరేక’ అన్న ఒక్క ముక్క తప్ప ఏమీ దొరకలేదు. ఆ ముక్కతో సరిపెట్టడం వల్ల మన ఇళ్లలో ఏమవుతోందో చెప్పాలనే ఈ ఉత్తరం.

మా అపార్ట్‌మెంట్‌ వాట్సాప్‌ గ్రూపులో ఈ మధ్య ఒక వీడియో వచ్చింది. ఖరీదైన బట్టలు వేసుకున్న కుర్రకారు గ్లాసులు పట్టుకుని, ఎగురుతూ ఏదో పాడుతున్నారు. ‘యూరప్‌ మేలుకుంది’ అని పైన ఎవరో రాశారు. చాలామంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. అలా పెట్టినవాళ్లలో ఇద్దరి పిల్లలు జర్మనీలోనే ఎంఎస్‌ చదువుతున్నారు.

ఆ వీడియో 2024 మే నెలలో సిల్ట్‌ అనే జర్మన్‌ దీవిలో, ఒక బార్‌లో తీసింది. బాగా డబ్బున్నవాళ్లు సెలవులకు వెళ్లే చోటు అది. పాట ఇటలీ డీజే జీజీ డగస్తీనో 1999లో విడుదల చేసిన ‘లమూర్‌ టుజూర్‌’. ఎప్పటికీ ప్రేమే అని దాని అర్థం. ఆ ట్యూన్‌కు వీళ్లు కట్టిన మాటలు: “జర్మనీ జర్మన్లకే, విదేశీయులు బయటికి.” అంతకుముందు ఏడాదే ఒక పల్లె వేడుకలో ఇలా పాడిన వీడియో బయటికొచ్చింది. తర్వాత అది ఊరూరా పాకింది. చివరికి 2024 మ్యూనిక్‌ అక్టోబర్‌ఫెస్ట్‌లో ఆ పాట వేయొద్దని నిర్వాహకులు నిర్ణయించుకున్నారు. నా పాట ప్రేమ గురించి అని దాన్ని చేసినాయన సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఆయనా జర్మనీకి విదేశీయుడే. 1955లో పశ్చిమ జర్మనీ ఒప్పందం రాసుకుని మరీ పనికి పిలిపించుకున్నది ఆయన దేశస్థులనే.

మా అక్క కొడుకు లైప్‌జిగ్‌లో చదువుతున్నాడు. ఫోన్లో అడిగాను. “పిన్నీ, నాకు ఆ పాటంటే ఇష్టమే. ఇప్పుడు ఎక్కడైనా అది మొదలైతే మాత్రం టెన్షన్‌. పక్కవాళ్లు ఏ మాటలు పాడతారోనని ముందు వాళ్ల నోళ్లవైపు చూస్తాను” అన్నాడు.

తాగిన కుర్రాళ్ల అల్లరి అని దీన్ని వదిలేయలేం. ఓట్ల కంటే ముందు పాటలు, కథలు, బొమ్మలు చేజిక్కించుకోవాలని యూరప్‌లోని రైట్‌వింగ్‌ మేధావులు ఎప్పుడో నిర్ణయించుకున్నారు. 1968లో ఫ్రాన్స్‌లో మొదలైన ‘గ్రేస్‌’ అనే బృందం, దాని ప్రధాన ఆలోచనాపరుడు అలేన్‌ ద బెన్వా ఈ దారి పట్టారు. అందుకు వాళ్లు అరువు తెచ్చుకున్న ఆలోచన, ఇటలీ ఫాసిస్టు నియంత ముసోలినీ జైల్లో పెట్టించిన కమ్యూనిస్టు నాయకుడు గ్రాంషీది కావడం ఒక చరిత్ర అధ్యాపకురాలిగా నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

ఇటలీలో ఇదే పని, హాబిట్లనే పొట్టి మనుషుల కథలు రాసిన ఇంగ్లిష్‌ రచయిత టోల్కీన్‌ నవలలతో జరిగింది. ముసోలినీ అనుచరులు 1946లో పెట్టుకున్న ఎంఎస్‌ఐ పార్టీ యువకులు 1977లో ‘హాబిట్‌ క్యాంపు’ పేరుతో పాటల శిబిరం నడిపారు. ఆ పార్టీ యువజన విభాగంలో ఎదిగిన జార్జా మెలోనీ ఇప్పుడు ప్రధాని. 2023 నవంబరులో రోమ్‌లో టోల్కీన్‌ ప్రదర్శనను ఆమే ప్రారంభించారు. ఒక పుస్తకాన్ని ఇష్టపడటం తప్పని నేననను. అందులోని చిన్న ఊరిని తెల్లజాతి యూరప్‌గా, ఊరి మీదికి వచ్చే సైన్యాన్ని వలస వచ్చినవాళ్లుగా పిల్లలకు నేర్పేవాళ్లతోనే నా పేచీ. ఎందుకంటే 1938లో ‘ది హాబిట్‌’ను జర్మన్‌లో వేయాలనుకున్న ప్రచురణకర్తలు, మీరు ఆర్యులేనా అని టోల్కీన్‌ను అడిగారు. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లిష్‌ ప్రొఫెసర్‌, భాషల పుట్టుక తెలిసినవాడు. ఆయన రాసిన జవాబు ముసాయిదా దొరుకుతోంది. ఆర్యులంటే ఇండో-ఇరానియన్లని, హిందుస్తానీ, పర్షియన్‌ లాంటి భాషలు మాట్లాడిన పూర్వీకులు తనకెవరూ లేరని అందులో రాశాడు. యూదులా అని అడగడమే మీ ఉద్దేశమైతే, అంత ప్రతిభ గల జాతిలో నా పూర్వీకులెవరూ లేనందుకు విచారిస్తున్నాను అని కూడా రాశాడు.

ఫ్రాన్స్‌లో 2012లో ఐడెంటిటేరియన్లు, అంటే యూరప్‌ యూరోపియన్లకే అనే ఉద్యమపు యువకులు, ప్వాతియే నగరంలో కడుతున్న మసీదు కప్పెక్కారు. 732లో అక్కడ అరబ్‌ సేనతో జరిగిన యుద్ధాన్ని గుర్తుచేసే బ్యానర్‌ కట్టారు. వాళ్ల జెండా మీది గుర్తు పాత గ్రీకు రాజ్యం స్పార్టా యోధుల డాలు మీది అక్షరం. ఇలాంటి బొమ్మల వెనక ఉన్న నమ్మకం ఒక్కటే. యూరప్‌ ప్రజలను తప్పించి వాళ్ల స్థానంలో బయటివాళ్లను నింపుతున్నారనేది. ఫ్రెంచ్‌ రచయిత రనో కామూ 2011లో దానికి ‘మహా మార్పిడి’ అని పేరుపెట్టాడు. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌ మసీదుల్లో 51 మందిని చంపినవాడు తన ప్రకటనకు పెట్టుకున్న పేరు కూడా అదే. వాడు ఆస్ట్రేలియాలో పుట్టినవాడు, అయినా తనది యూరప్‌ రక్తమని రాసుకున్నాడు. చనిపోయినవాళ్లలో మన హైదరాబాద్‌ వాళ్లూ ఉన్నారు.

నేను ఇదంతా చెబితే గ్రూపులో ఒకాయన, “అది ముస్లింల గురించి లెండి మేడమ్‌, మన జోలికి రారు” అన్నారు. ఆ హైదరాబాద్‌ వాళ్లు మనవాళ్లు కాకుండా ఎప్పుడు పోయారు? పైగా ఆ నినాదం ఎవరి మతమూ అడగడం లేదు. 2023 నవంబరులో పోట్స్‌డామ్‌ దగ్గర ఏఎఫ్‌డీ నాయకులు కొందరు హాజరైన రహస్య సమావేశంలో ‘రీమైగ్రేషన్‌’ పథకం చర్చకు వచ్చింది. అంటే తిరిగి పంపేయడం. జర్మన్‌ పౌరసత్వం ఉన్నా తమలో కలవలేదని అనుకున్నవాళ్లు కూడా ఆ లెక్కలో ఉన్నారని 2024 జనవరిలో కరెక్టివ్‌ అనే జర్మన్‌ వార్తా సంస్థ పాత్రికేయులు రాశారు. లక్షల మంది జర్మన్లు వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపారు. అయినా ఏడాది తిరిగేసరికి ఏఎఫ్‌డీ నాయకురాలు అలీస్‌ వైడెల్‌ పార్టీ మహాసభ వేదిక మీద అదే మాట వాడారు.

ఎంతమందిని రానివ్వాలో తేల్చుకునే హక్కు ఏ దేశానికైనా ఉంది. ఇళ్ల అద్దెల గురించి, నేరాల గురించి అక్కడివాళ్ల బెంగలూ నిజమైనవే. ఆ పార్టీకి ఓటేసిన ప్రతివాడినీ నాజీ అనడం నా ఉద్దేశం కాదు.

ఆ వీడియో కింద జర్మన్‌ మాటలకు తెలుగు అర్థం రాసి పెట్టాను. ఆ సాయంత్రం, చప్పట్లు పెట్టిన ఒకావిడ ఫోన్‌ చేసి, “మా అమ్మాయి అక్కడే ఉంది మేడమ్‌, నిజంగా ఇదే అర్థమా?” అని అడిగారు. ఆమె ఇంటికి రోజూ మీ పత్రికే వస్తుంది. ఇకమీద ఈ వార్తలు వేసేటప్పుడు ఆ నినాదాలను, రీమైగ్రేషన్‌ లాంటి మాటలను అర్థంతో సహా వేయమని కోరుతున్నాను. అక్కడ చదువుతున్న మన పిల్లల చేత, వాళ్ల పేర్లు బయటపెట్టకుండా, వారానికొకటి రాయించండి. మా అక్క కొడుకు రాయడానికి సిద్ధంగా ఉన్నాడు.

ఇట్లు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు,
హనుమకొండ