45 రోజుల లెక్క గేటు దగ్గరే మొదలవ్వాలి

సంపాదకుడు గారికి,

చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో డబ్బు చెల్లించాలన్న చట్టం 2006లోనే వచ్చింది. అయినా అంబత్తూరు ఎస్టేట్‌లో లేత్ షాపులు, పౌడర్ కోటింగ్ యూనిట్లు నడిపేవాళ్లకు మూడు నెలలు దాటినా బిల్లు పాస్ కాదు. గొడవంతా రోజులు ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలన్న దగ్గరే ఉంది.

సరుకు కొనే కంపెనీలు జీఆర్‌ఎన్ (సరుకు ముట్టినట్టు కంపెనీ వేసే రసీదు) పడ్డ తేదీ నుంచి లెక్క కడతాయి. సరుకు స్టోర్స్‌లో దిగి, క్వాలిటీ వాళ్లు చూసి, సిస్టమ్‌లో ఎక్కించాక గానీ జీఆర్‌ఎన్ పడదు. చట్టం మాట వేరు. 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, సరుకు అందిన రోజే ఒప్పుకున్నట్టు, లెక్క ఆ రోజు నుంచే. ఫోన్లో ‘కొన్ని పీసులు బాగాలేవు’ అంటే చాలదు. గడువు గురించి రాతపూర్వక ఒప్పందమే లేకపోతే 15 రోజుల్లోనే ఇవ్వాలి. పీఓలో (కొనుగోలు ఆర్డర్‌లో) 90 రోజులని అచ్చువేసుకున్నా 45 దాటడానికి వీల్లేదు.

జూన్ 5న చెన్నై దగ్గర ఒరగడంలోని ఒక కంపెనీలో 2 లక్షల సరుకు దించారనుకుందాం. 18 శాతం జీఎస్‌టీతో బిల్లు 2,36,000. జులై 20కి 45 రోజులు నిండుతాయి. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లు అదే జులై 20లోగా 36,000 జీఎస్‌టీ కట్టాలి, బిల్లు డబ్బు వచ్చినా రాకపోయినా. జీఆర్‌ఎన్ జూన్ 18న వేస్తే కంపెనీ లెక్కలో గడువు ఆగస్టు 2కి పోతుంది. పేమెంట్లు నెలలో 10, 25 తేదీల్లోనే ఇస్తామంటే డబ్బు వచ్చేది ఆగస్టు 10న. ఈ మూడు వారాలూ చిన్న యజమాని బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ (ఓడీ) అప్పుకు వడ్డీ కడుతూ నెట్టుకురావాలి.

అందుకే సరుకుతో వెళ్లే డెలివరీ చలానా రెండో కాపీ మీద సెక్యూరిటీ గేటు ముద్ర, తేదీ, సమయం, సంతకం లేకుండా డ్రైవర్‌ను వెనక్కి రానివ్వకూడదు. ఆ సాయంత్రమే పీఓ నంబరు, చలానా ఫొటో, బిల్లు కలిపి స్టోర్స్‌కీ అకౌంట్స్‌కీ మెయిల్ పెట్టాలి. పీఓలో 500 పీసులుంటే 520కి ఒకే బిల్లు వేయొద్దు. ఆ 20 కోసం మొత్తం బిల్లు ఆగిపోతుంది. రేటు మారితే పీఓ సవరణ వచ్చాకే సరుకు పంపాలి. సరుకు దించాక 16వ రోజున ‘అభ్యంతరమేదీ రాలేదు’ అని ఒక మెయిల్, 46వ రోజున వడ్డీ లెక్కతో ఇంకోటి. ఆలస్యానికి చట్టం చెప్పే వడ్డీ, రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. బ్యాంక్ రేటు 6 శాతం ఉంటే ఏడాదికి 18 శాతం, పై బిల్లు మీద మొదటి నెలకు 3,540 రూపాయలు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర నమోదు) సరుకు పంపడానికి ముందే ఉండాలి, నంబరు బిల్లు మీద ఉండాలి. ఆదాయపు పన్నులో 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, సూక్ష్మ, చిన్న యూనిట్లకు గడువు దాటి, ఆ ఏడాది మార్చి 31లోగా కూడా ఇవ్వని సొమ్మును కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపలేడు. ఉద్యమ్ సర్టిఫికెట్‌ను మార్చిలో వాళ్ల ఆడిటర్ అడిగేదాకా ఆగకుండా ఏప్రిల్‌లోనే ఇచ్చేయాలి. ట్రేడర్లకు ఈ రక్షణ లేదు.

డబ్బు ఆలస్యమైతే ఎంఎస్‌ఎంఈ శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. దాన్ని విచారించే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్ తీర్పును కోర్టులో సవాలు చేయాలంటే కొనుగోలుదారు ముందు 75 శాతం సొమ్ము జమ చేయాలి. చట్టం గట్టిదే. కానీ ఉన్నది ఇద్దరు ముగ్గురు కస్టమర్లే అయినప్పుడు ఫిర్యాదు చేస్తే మరుసటి పీఓ రాదన్న భయం నిజమైనది. ఆ భయాన్ని చిన్నవాడి మీదే వదిలేయడం అన్యాయం.

45 రోజులు దాటిన బకాయిలను కంపెనీలు ఏడాదికి రెండుసార్లు ఎంఎస్‌ఎంఈ ఫారం-1లో కార్పొరేట్ వ్యవహారాల శాఖకు చూపాలి. ఆ రోజులను జీఆర్‌ఎన్ నుంచి కాక గేటు ఎంట్రీ తేదీ నుంచే లెక్కించాలని శాఖ స్పష్టంగా ఆదేశించాలి. సరుకు దించిన రోజే కంపెనీ సిస్టమ్ నుంచి సప్లయర్‌కు గేటు రసీదు మెయిల్‌లో వెళ్లాలన్న నియమం కూడా పెట్టాలి.

– ఒక జాబ్‌వర్క్ యూనిట్ యజమాని, అంబత్తూరు, చెన్నై