మా అమ్మ కోలుకున్నది: ఆశక్కకు, పెద్దమ్మకు, డాక్టరమ్మకు దండాలు

ఇది అమ్మ అడిగి రాయించుకుంటున్న పోస్టు. "నా పేరు పెట్టకున్నా సరే, నా సంగతి మాత్రం దాచకు బిడ్డా" అన్నది. మాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ దిక్కు. ఏడాది కిందట డిప్రెషన్‌తో మంచం పట్టిన అమ్మ ఈ పంటకు పత్తి ఏరింది, కూలీల లెక్కలు కూడా తనే చూసుకున్నది. ఇందుకు కారణమైనవాళ్ళు మా ఊళ్ళో కొందరు, నల్లగొండలో కొందరు ఉన్నారు. వాళ్ళకు నలుగురి ముందు దండం పెట్టాలని రాస్తున్నాను.

మొదట ఆశక్కకు, అంటే మా ఊరి ఆశా కార్యకర్తకు. మా దిక్కు ఎవరు పెయ్యి నొప్పులన్నా అందరి మనసూ నీళ్ళ మీదికే పోతుంది. నీళ్ళల్లోని ఫ్లోరైడ్‌తో నడుము వంగినవాళ్ళను, కీళ్ళు బిగుసుకుపోయినవాళ్ళను చూస్తూ పెరిగినం. మిషన్ భగీరథ నల్లా నీళ్ళు వచ్చినా ఆ భయం పోలేదు. అమ్మ నడుము నొప్పి, మెడ నొప్పి, తల బరువు అన్నప్పుడు ఊరంతా ఆ మాటే అన్నది. నొప్పుల సూదులు అయినయి, గ్లూకోజ్ సీసాలు అయినయి. తెల్లారగట్ల మూడింటికే మెలకువ వచ్చి మళ్ళీ కన్నంటకపోయేది. రెండు బుక్కలు తిని కంచం పక్కకు జరిపేది. కంట నీరు పెట్టింది లేదు, అందుకే ఇది మనసుకు వచ్చిన జబ్బని ఎవరికీ తట్టలేదు.

బీపీ చూడటానికి వచ్చిన ఆశక్క అరుగు మీద కూర్చొని నొప్పుల ఊసే ఎత్తలేదు. "అక్కా, మొన్న బతుకమ్మ కాడ నీ గొంతు వినపళ్ళేదు, ఏమైంది?" అన్నది. మా వాడలో ఉయ్యాల పాట ఎత్తుకునేది అమ్మే. ఆ ఏడు తంగేడు, గునుగు తెచ్చి ముందర పోసినా చెయ్యి పెట్టలేదు. అమ్మ చాలాసేపు కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నది. "ఏమో చెల్లె, పాట మీదికి మనసు పోతలేదు. దేని మీదికీ పోతలేదు" అన్నది. అప్పుడు ఆశక్క సూటిగా అడిగింది: "బతకాలని లేదని ఎప్పుడన్నా అనిపిస్తుందా అక్కా?" అమ్మ అవునన్నట్టు తల ఊపింది.

అట్లా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తమేమో అని చాలామంది జంకుతారు. అది నిజం కాదని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. అడగబట్టే అమ్మ నోరు తెరిచింది.

ఆ మాపే పక్కింటి పెద్దమ్మ మా కొట్టంలోని పురుగుల మందు డబ్బాలన్నీ గోనెసంచిలో వేసుకొని తీసుకుపోయి, తన ఇంట్లో పెట్టెలో పెట్టి తాళం వేసింది. చేనుకు మందు కొట్టే రోజు నాయిన పోయి అడిగి తెచ్చుకునేవాడు, మిగిలింది పొద్దుగూకకముందే అప్పజెప్పేవాడు. పల్లెల్లో ఇంతకు మించిన సాయం లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. చావాలనిపించే ఘడియ చాలాసార్లు వచ్చినట్టే దాటిపోతుంది. ఆ ఘడియలో చేతికి ఏదీ అందకుంటే ప్రాణం నిలుస్తుంది.

నల్లగొండ పెద్ద దవాఖానకు అనేసరికి, హైదరాబాద్‌ల ఉన్న ఎర్రగడ్డ మానసిక దవాఖానకు పంపిస్తరేమో అని అమ్మ వణికింది. డిప్రెషన్ వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఇంటి దగ్గరే ఉండి, ఓపీలో చూపించుకుంటూ నయమవుతారని డాక్టరమ్మ మొదటే ధైర్యం చెప్పింది. గడిచిన రెండు వారాల్లో నిద్ర ఎట్లుంది, ఆకలి ఎట్లుంది, పని మీద ధ్యాస నిలుస్తుందా, నేను దేనికీ పనికిరానని అనిపిస్తుందా అని ఒక్కొక్కటే నింపాదిగా అడిగింది. థైరాయిడ్ తేడా ఉన్నా, రక్తం తక్కువున్నా ఇట్లాంటి నీరసం రావచ్చని ఆ పరీక్షలూ చేయించింది. అవి మంచిగనే వచ్చినయి. బోరు అప్పు, నెలసరి ఆగే వయసు, అమ్మమ్మకూ ఇదే బాధ ఉండటం, అన్నీ విన్నది. కారణం ఒక్కటే అని తేల్చలేం గానీ చికిత్స మాత్రం ఉందన్నది. ఎస్సిటలోప్రామ్ అనే గోళీ రాసింది.

"ఈ గోళీలకు అలవాటు పడిపోతరా మేడం?" అని నాయిన అడిగాడు. ఇవి నిద్రమాత్రలు కావు, వీటికి బానిస కావడం ఉండదు, కానీ మనంతట మనం ఒక్కసారిగా ఆపొద్దు, తల తిరుగుడు, చికాకు వస్తయని చెప్పింది. మొదటి వారం కడుపులో తిప్పొచ్చు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. పూర్తిగా మంచిగైనంక కూడా కనీసం 6 నెలలు వాడాలి. ఇవన్నీ ముందే చెప్పబట్టి మేం మధ్యలో బెదరలేదు. తొలి వారాల్లో మనిషిని ఒంటరిగా వదలొద్దని కూడా చెప్పింది. "విత్తనం పెట్టిన తెల్లారే మొలక చూస్తమా" అని పెద్దమ్మ రోజూ రాత్రి అన్నం తిన్నంక గోళీ తనే చేతిలో పెట్టేది. గాలి సోకింది, తాయెత్తు కట్టించమని వచ్చినవాళ్ళకు నాయిన చెప్పింది ఒకటే: "కడితే కట్టుండ్రి, గోళీ మాత్రం ఆగది."

కౌన్సెలింగ్ చేసిన తమ్ముడికి ప్రత్యేకంగా చెప్పాలి. మనసు కుదిరినంక పని చేద్దామని కూర్చోవద్దు, చిన్న పని మొదలుపెడితే మనసు వెనకనే వస్తది అన్నాడు. ఒక పాత నోటుబుక్కులో రెండు గడులు గీసిచ్చాడు: ఏం చేసిన, చేసినంక ఎట్లనిపించింది. అమ్మకు రాయడం రాదు, మా తమ్ముడి బిడ్డ రాసేది. మొదటి పేజీల్లో "మేకలకు మేత ఏసిన, ఏం అనిపించలే" అనే ఉన్నది. కొన్ని పేజీల తర్వాత "చెరువు కట్ట దాక నడిచిన, గాలి మంచిగున్నది" అని ఉంది. ఆ గడిలో అట్లాంటి మాట రావడం అదే మొదలు. దాన్ని నేను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నాను.

మధ్యలో ఒక రాత్రి అమ్మకు మళ్ళీ బాగా కష్టమైతే 14416కు ఫోన్ చేసినం. అది టెలిమానస్, మనసు బాధలకు ఫోన్‌లో సాయం చేసే లైను, 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది. రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ఆ రాత్రి మాట్లాడిన అక్క పేరు కూడా మాకు తెలియదు. అమ్మ ఊపిరి నెమ్మదించేదాక లైన్‌లోనే ఉన్నది, పొద్దున్నే డాక్టర్‌కు చూపించమని చెప్పి పెట్టేసింది. అక్కా, మీరిది చదివితే మా ఇంటిల్లిపాది దండాలు అందుకోండి.

ఇప్పుడు డాక్టరమ్మ గోళీ మోతాదు కొంచెం కొంచెంగా తగ్గిస్తున్నది, వచ్చే నెల మళ్ళీ రమ్మన్నది. ఆశక్కా, మొదటిసారి నల్లగొండకు నీ పనంతా వదులుకొని మాతో వచ్చినవు, ఆటో పైసలు కూడా నువ్వే ఇచ్చినవు. పత్తి ఏరేటప్పుడు అమ్మ సాలు కూడా కలుపుకొని ఏరిన వాడకట్టు అక్కలకు, చెల్లెళ్ళకు కూడా మా మొక్కులు.

చివరి మాట అమ్మ చెప్పింది చెప్పినట్టే రాస్తున్నా: "పండుగకు సకినాలు పోస్తున్న. బియ్యం నానబెట్టే రోజు ఫోన్ చేపిస్త, చుట్టనీకి అందరు రావాలె. డాక్టరమ్మకు డబ్బాల పెట్టి పంపిస్త."